అగ్నిశేషము



సంధ్యవేళ దీపము వెలిగించిన పిమ్మట అగ్గిపుల్లను ఊది యార్పి, అది చల్లారినదో లేదో చూచుకొని గాని పారవేయరాదని మన తల్లులు మనకు నేర్పిరి. కట్టెల పొయ్యిపై వంట సాగిన దినములలో, రాత్రి పని ముగిసిన తరువాత కొరవులను వెలికి లాగి, నీరు చిలికి, నిప్పులను బూడిదతో కప్పి, పొయ్యి చుట్టును ఊడ్చిన పిదప గాని మన అవ్వలు నడుము వాల్చెడివారు కారు. నేడు ఇంటింటికి గ్యాసుపొయ్యి వచ్చినను, పరుండబోవుటకు ముందు మీట కట్టినదో లేదో ఒకమారు చూడని ఇల్లాలు అరుదు. ఋణశేషము, శత్రుశేషము, అగ్నిశేషము అను మూడింటిని మిగుల్పరాదని పెద్దల మాట. మొదటి రెండింటి సంగతి ఎట్లున్నను, మూడవదానిని కనిపెట్టియుండుట మాత్రము తరతరములుగా మన పాలబడిన పనియే.

ఇట్టి ఇండ్లలో పుట్టి, ఇట్టి తల్లుల చేతి అన్నము తిని పెరిగిన పురుషులే కారెక్కి దారి పట్టినంతనే ఈ మాటను మరచిపోవుచున్నారు. సిగరెట్టు కాల్చి, నిప్పు కొననుండగానే ఆ ముక్కను కిటికీలోనుండి వెలుపలికి చిమ్మి, అద్దము పైకెత్తుకొని సాగిపోవుచున్నారు. ఇది చిన్న విషయమని మేమును చాలకాలము తలచితిమి. ఏల అట్లు తలచరాదో తెలిసికొనుటకు మా బిడ్డ మోకాలు కాలవలసి వచ్చినది. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన ఫాల్గుణ మాసమున ఒక ఆదివారము సాయంకాలము పుట్టింటినుండి విజయనగరము వైపు స్కూటరుపై తిరిగి వచ్చుచుంటిమి. మా వారు ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయులు. బండిని వేగముగా నడపు అలవాటు వారికి లేదు. ఎనిమిదేండ్ల మా అమ్మాయి మా యిరువురి నడుమ కూర్చుండి, అమ్మమ్మ కుట్టించిన క్రొత్త పరికిణీ గాలికి ఎగురకుండ రెండు చేతులతోను మోకాళ్లపై అదిమి పట్టుకొనియుండెను. చీకటి పడుచుండగా ఒక తెల్లని కారు మమ్ము దాటి ముందునకు పోయెను. దాని కిటికీ అద్దము సగము దిగెను. ఒక చేయి వెలుపలికి వచ్చి, రెండు వ్రేళ్లతో దేనినో చిమ్మెను. ఎర్రని చుక్క ఒకటి రోడ్డుపై పడి, పగిలి, నాలుగైదు రవ్వలై గాలిలోనికి లేచెను. అవి ఆ క్షణమున మిణుగురులవలె అందముగా కనబడినవని చెప్పుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది. మరుక్షణమున అమ్మాయి కెవ్వున అరచెను. ఆ అరపునకు మా వారి చేయి వణకి బండి ఒక ప్రక్కకు ఒరిగెను. వెనుకనుండి వచ్చుచున్న ఇసుక లారీ హారను మ్రోగించుచు, జానెడు దూరములో మమ్ము తప్పించుకొని పోయెను.

బండి ఆపి చూతుముగదా, పరికిణీపై రూపాయి నాణెమంత రంధ్రము పడి, దాని అంచు నల్లని జిగురై బిడ్డ మోకాలికి అంటుకొనియుండెను. దారి ప్రక్కన తాటాకు పాకలో టీ అమ్ము ముసలమ్మ ఒకతె మా కేక విని లేచి వచ్చెను. మా ప్రాంతపు పల్లెలలో వృద్ధస్త్రీలు పలువురకు అడ్డపొగ త్రాగు అలవాటున్నదని పాఠకురాండ్రలో ఎరిగినవారు ఎరుగుదురు. చుట్ట వెలిగించి, మండుచున్న కొనను నోటిలోపల పెట్టుకొని పీల్తురు. ఈమెయు అట్లే త్రాగుచుండెను. ఆమె చేసిన మొదటి పని, నోటిలోని చుట్టను తీసి, నీళ్లకుండ క్రింది తడిమట్టిలో గ్రుచ్చి ఆర్పుట. అటుపిమ్మటనే బిడ్డను దగ్గరకు తీసికొనెను. పసుపు అద్దుదునా అని ఆమె అడుగగా, వలదు, నీరు మాత్రమే పోయుచుండుమని మా వారు చెప్పిరి. చెంబుతో నీరు వంచుచు, "ఆడి నిప్పు ఆడి కాడే ఉంచుకోవాల గానీ, రోడ్డు మీదికి ఇసిరేత్తాడేటమ్మా!" అని ఆమె ఆ కారువానిని తిట్టుచునే యుండెను.

అడ్డపొగ అలవాటు అంగిటిపై పుండ్లను, క్యాన్సరును తెచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. దానిని మేము మెచ్చుకొనుటలేదు. కాని చదువురాని ఆ ముసలమ్మకు తెలిసిన ధర్మము కారునడుపు ఆ పెద్దమనిషికి తెలియకపోయెనే యని మాత్రము ఆనాడు అనుకొంటిమి. ఆతడు దుష్టుడని మేమనము. ఆతనికి వెనుక ఒక బిడ్డ ఉన్నదన్న సంగతియే తెలియదు, ఈనాటికిని తెలియదు. ఈ తప్పులోని విశేషమిదియే. చేసినవాడు చూడడు, చూచినవారు వానిని పట్టుకొనలేరు.

ఇక ఆ చిన్న ముక్కలోని నిప్పు ఎంతటిదో చూతము. నీరు మరుగుటకు 100 డిగ్రీల వేడి చాలును. సిగరెట్టు కొనలోని నిప్పు ఊరక రాజుకొనుచున్నపుడే నడుమ 600, 700 డిగ్రీల వరకు వేడిగా నుండును. పీల్చునపుడు అది 900 దరిదాపులకు పోవును. మనము కట్టు నైలాను, పాలియెస్టరు బట్టలు 220 మొదలు 260 డిగ్రీలకే కరగిపోవును. నూలుబట్ట కాలి బూడిద యగును. ఈ బట్టలు కరగి మైనమువలె చర్మమునకు అంటుకొనును. మా అమ్మాయికి జరిగినది అదియే.

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అనగా క్షణమునకు, అనగా సెకనుకు, 16 మీటర్లకు మించి సాగును. కిటికీ ఎత్తునుండి రాలిన ముక్క అర సెకనులోపల నేలబడును. వెనుక పది పన్నెండు మీటర్ల దూరములో అదే వేగముతో వచ్చువారు సెకనులోపలనే దానిని చేరుకొందురు. తప్పుకొనుటకు వ్యవధి ఎక్కడిది? రవ్వ కంటిలో పడినచో రెప్ప మూయుటకైనను వ్యవధి యుండదు. కారులోనివారికి అద్దములున్నవి. స్కూటరు నెక్కినవారికిని, ఆటోలో అంచున కూర్చున్నవారికిని, పిల్లను ఒడిలో పెట్టుకొన్న తల్లికిని ఏ అడ్డమును లేదు.

పారవేసినవారికి సైతము అపాయము లేకపోలేదు. ముందు కిటికీనుండి చిమ్మిన ముక్క గాలి విసరునకు తిరిగి వెనుక కిటికీలోనుండి లోపలికి వచ్చి సీటుపై పడుట కలదు. ఆ సీటుపై తరచుగా నిద్రించుచుండునది ఎవరు? వారి బిడ్డలే.

సంక్రాంతి దాటిన నాటినుండి మన దారులు ఎట్లుండునో ఒకమారు తలచుకొనుడు. వరిగడ్డి ఎత్తిన ట్రాక్టర్లు ముందు వెనుకలు కానరాకుండ నిండి సాగుచుండును. రోడ్డు వారల గడ్డి ఎండి పీచై యుండును. దాని ప్రక్కనే జీడితోటలు, వాటిక్రింద మోకాలిలోతు ఎండుటాకు. ఆ వెనుక గడ్డివాములు, తాటాకు ఇండ్లు. విసరిన ముక్కలలో పెక్కింటికి ఏమియు కాదు. అవి వానియంతట అవియే చల్లారును. ఆ మాట నిజము. దాచి ప్రయోజనము లేదు. కాని పురుషులకు నిర్లక్ష్యము నేర్పినది ఈ నిజమే. వంద మార్లు ఏమియు కానందున నూటయొకటవ మారును ఏమియు కాదని వారి నమ్మిక. గాలిలో తేమ తగ్గి, ఎండుగడ్డి నుగ్గుగానుండి, పడమటి గాలి వీచిన మధ్యాహ్నమున ఆ నమ్మిక చెల్లదు. నిప్పునకు కావలసినది పెద్ద ప్రారంభము కాదు, సిద్ధముగానున్న ఆహారము.

దీనికి దృష్టాంతములు దూరదేశములలోను కలవు. 1985 మే 11వ తేదీన ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున ఫుట్‌బాలు ఆట చూచుచున్న జనుల కాళ్లక్రింద, చెక్కపలకల సందులోనుండి జారిన అగ్గిపుల్లయో సిగరెట్టు ముక్కయో అడుగున పేరుకొన్న చెత్తను అంటించెను. 56 మంది మరణించిరి. 1987 నవంబరు 18వ తేదీన లండనులోని కింగ్స్ క్రాస్ భూగర్భ రైలుస్టేషనులో, కదలెడి చెక్కమెట్ల సందున పడిన ఒక అగ్గిపుల్ల క్రిందనున్న జిడ్డును, ధూళిని అంటించగా 31 మంది బలియైరి. ఈ రెండు తావులయందును నిప్పు మిక్కిలి చిన్నది. దానికొరకు ఏండ్లతరబడి కాచియున్న చెత్త మాత్రము పెద్దది. మన వేసవి దారుల ప్రక్కనున్న ఎండుగడ్డి అట్టిదియే.

ఒకమారు అడవి అంటుకొన్నచో ఆర్పుట ఎంతటి పనియో మన తెలుగుదేశమున అందరును చూచిరి. 2014 మార్చిలో తిరుమల కొండలపై శేషాచలపుటడవి మండినపుడు వాయుసేన హెలికాప్టర్లు నీరు మోసికొని వచ్చి కురియవలసి వచ్చెను. ఆ మంట సిగరెట్టువలన పుట్టెనని మేము చెప్పుటలేదు. పుట్టించుటకును ఆర్పుటకును గల తారతమ్యమును చూపుటకే చెప్పుచున్నాము. కొండనెక్కు బండ్లను అలిపిరివద్ద సోదా చేసి, సిగరెట్టులను పైకి పోనీయని కట్టుబాటు భక్తికే గాక అడవికిని రక్షయే. భారతము ఆదిపర్వమున ఖాండవదహనమును చదువునపుడు, పారిపోలేక చిక్కుకొన్న పక్షుల గతికి మన మనస్సు కరగును. అక్కడ అగ్నిదేవుడు ఆకలిగొని వచ్చి యాచించెను. ఇక్కడ ఏ దేవుడును అడుగలేదు. ఎవరో పొగ త్రాగి విసరివేసిరి, అంతే.

చట్టము లేదా యని కొందరు అడుగుదురు. కలదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 287వ సెక్షను ప్రకారము, నిప్పుతో నిర్లక్ష్యముగా ప్రవర్తించి ఇతరుల ప్రాణమునకు అపాయము తెచ్చువారికి ఆరు మాసముల వరకు చెర గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున 2019-20 వేసవిలో ఘోరమైన కార్చిచ్చులు చెలరేగినవి. 2020 జనవరినుండి అక్కడ, కారులోనుండి ఆరని సిగరెట్టు పారవేసినవారికి జరిమానా యేగాక డ్రైవింగు లైసెన్సుపై తప్పుగుర్తులును వేయుచున్నారు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 2004నుండియే, పీల్చకుండ వదలినచో త్వరగా ఆరిపోవు కాగితముతో చుట్టిన సిగరెట్టులను మాత్రమే అమ్మవలెనని శాసించెను. ఆ కాగితము అపాయమును తగ్గించును గాని తొలగింపజాలదు. చట్టమైనను అంతే. చీకటిలో పోవు కారు నంబరును, కాలిన బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లి చదువలేదు.

మరి ఆ చేతిని ఎవరు ఆపగలరు? ఆ చేతి ప్రక్కన కూర్చున్నవారు. ఇచ్చటనే మా తప్పును మేము చెప్పుకొనవలసియున్నది.

ఈ సంగతి జరుగుటకు ముందు మాఘమాసమున మా మరది క్రొత్త కారు కొని, మమ్మందరను అరకు చూపింప తీసికొనిపోయెను. శృంగవరపుకోట దాటి ఘాటురోడ్డు ఎక్కునపుడు ఆతడు మూడుమార్లు సిగరెట్టు కాల్చెను. మూడుమార్లును మలుపువద్ద ముక్కను లోయవైపు విసరెను. క్రింద ఎండిన వెదురుపొదలు మాకు కనబడుచునే యుండెను. మా తోడికోడలు ముందు సీటులో నుండెను. మేము వెనుక నుంటిమి. ఇరువురమును చూచితిమి. ఇరువురమును పలుకలేదు. వదినెగారి మాటకు మా మరది ఎన్నడును ఎదురు చెప్పినవాడు కాడు. అయినను, ఆతని కారులో కూర్చుండి, ఆతని సొమ్ముతో భోజనము చేసి, ఆతని తప్పును ఎన్నుట మర్యాద కాదని తోచెను. పండుగవంటి దినమును పాడుచేయనేల యనిపించెను. ఆ లోయలో ఏమియు అంటుకొనలేదు. అది మా యదృష్టము మాత్రమే. నెల తిరిగినదో లేదో, మరియొకరి కారునుండి రాలిన నిప్పు మా బిడ్డపై పడెను. ఆ కారులోను ఒక స్త్రీ కూర్చుండి, చూచి, మావలెనే మర్యాదకు ఊరకుండెనేమో!

బిడ్డను చూచుటకు మరదియు, తోడికోడలును వచ్చిరి. మేము ఉపన్యాసమేమియు చేయలేదు. పరికిణీని ఉతికి దాచియుంటిమి. దానిని తెచ్చి ఆతని చేతిలో పెట్టితిమి. ఆతడు ఆ రంధ్రములో వ్రేలు దూర్చి చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచెను. "నేను వెనుక ఎవరూ లేకుండా చూసే పారేస్తాను వదినా" అని మెల్లగా అనెను. "మావెనుక లారీ ఉన్నది నాయనా, ముందు కారువాడు దానినైనను చూడలేదు" అంటిమి. అప్పుడు మా తోడికోడలు తల వంచుకొని, "నేను రోజూ చూస్తూనే ఉన్నాను అక్కా, చెప్పలేకపోయాను" అనెను. ఆ యొక్క మాటకే ఈ వ్యాసము వ్రాయ సంకల్పించితిమి. చూచుచుండియు చెప్పలేకపోవుట ఎందరి ఇండ్లలో జరుగుచున్నదో!

ఆ వారమే ఆమె ఒక చిన్న మూతగల ఇనుప డబ్బాలో సగము ఇసుక పోసి, కారులో డ్రైవరు సీటు ప్రక్కన అమర్చెను. మా మరది సిగరెట్టు మానలేదు. కాని ముక్క ఇప్పుడు ఆ డబ్బాలోనికి పోవుచున్నది. మరచి చేయి కిటికీవైపు పోయినపుడు ఆమె డబ్బా మూత తీసి పట్టుకొనునట. మాట అనవలసిన పనియు లేదట.

కావున సోదరీమణులు ఈ క్రింది సంగతులను గమనింప వేడుచున్నాము.

ఇప్పటి కార్లలో పెక్కింటికి బూడిదగిన్నె ఉండుటలేదు. పది రూపాయల ఖర్చు లేకుండ ఇంటనే డబ్బా సిద్ధము చేయవచ్చును. అది ఇనుపదై యుండవలెను, ప్లాస్టిక్కుది కారాదు. ఇసుక గాని తడిమట్టి గాని యుండవలెను. దానిని చెత్తలో పారబోయుటకు ముందు నీరు పోసి, చల్లారినదని చూచుకొనవలెను. దారిలో బండి నిలిపి, దిగి, నేలపై రాచి ఆర్పినను మేలే గాని, ఎండుగడ్డి ప్రక్కన అది కూడదు. పెట్రోలు బంకువద్ద సిగరెట్టును తలపెట్టనే కూడదు.

ద్విచక్రవాహనముపై వెళ్లునపుడు పైటకొంగును, చున్నీని చుట్టి దోపుకొనవలెను. బిడ్డలకు ప్రయాణమునకు నూలుబట్టలే మేలు. శిరస్త్రాణపు అద్దమును దించుకొనవలెను. ముందు కారు కిటికీనుండి పొగ వచ్చుచున్నచో వెనుకబడి దూరముగా నడపుమని బండి నడపువారికి చెప్పవలెను. గడ్డిబండ్లు తోలించువారు పైన టార్పాలిను కప్పించుట మంచిది.

చర్మము కాలినచో వెంటనే చల్లని నీటిధార క్రింద ఇరువది నిమిషములు పట్టవలెను. మంచుగడ్డ పెట్టరాదు. పసుపు, సిరా, నెయ్యి, పళ్లపొడి ముద్ద, వీనిలో ఏదియు పూయరాదు. అంటుకొన్న బట్టను లాగరాదు. చుట్టును కత్తిరించి, శుభ్రమైన బట్ట కప్పి వైద్యునివద్దకు పోవలెను. కంటిలో రవ్వ పడినచో నలుపక, మంచినీటితో కడిగి, ఆలస్యము చేయక కంటివైద్యునికి చూపింపవలెను. కట్టుబట్ట అంటుకొన్నచో పరుగెత్తరాదు. నేలబడి దొర్లవలెను, మందమైన దుప్పటి కప్పి మంటను అణపవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. కారులో కూర్చున్నపుడు ఊరకుండకుడు. భర్త యైనను, తమ్ముడైనను, కుమారుడైనను, కూలికి వచ్చిన డ్రైవరైనను మృదువుగా చెప్పుడు. ఒకమారు వినకున్న రెండవమారు చెప్పుడు. వినినందున మీ గౌరవమునకును, వారి గౌరవమునకును లోటు రాదు. వారికి పొగ మాన్పింప గలిగితిరా, అంతకంటె కావలసినది లేదు. మాన్పింప లేకున్నను, వారి నిప్పు వారివద్దనే ఆరునట్లు చూడగలరు.

మా అమ్మాయి మోకాలిపై మచ్చ మిగిలినది. ఈ నడుమ పుట్టింటికి పోవునపుడు ఆ పాకవద్ద బండి నాపితిమి. ముసలమ్మ బిడ్డను గుర్తుపట్టి, చుట్టను తడిమట్టిలో గ్రుచ్చి, చేయి కడుగుకొని, అప్పుడు దానిని దగ్గరకు పిలిచి మోకాలు చూచెను. ఇంటి నిప్పును కాపాడుట ఎరిగిన మనము దారి నిప్పును కూడ మనదిగానే తలచి, అగ్నిశేషమును మిగులనీయకుందుము గాక!